మోడల్ పేరు చెప్పి వైరింగ్ కొనకండి

2024 ఆగస్టులో ఒక రాత్రి పదకొండున్నరకి మా డ్రైవర్ మామ ఫోన్ చేశాడు. లారీ లోడుతో నెల్లూరు వెళ్తూ తడ దాటాడు. "అబ్బయ్యా, ఎనక లైట్లు ఒక్కటీ వెలగడం లేదు. ముందర బాగానే ఉండాయి. బస్సు డ్రైవరు పక్కకొచ్చి తిడితే గానీ నాకు తెలీలేదు" అన్నాడు. ఎంత దూరం అలా చీకట్లో వెళ్ళాడో ఆయనకే తెలియదు. సూళ్ళూరుపేట రాకముందే ఒక డాబా కనిపిస్తే, దాని ముందున్న లైటు వెలుగులో బండి నిలిపి తెల్లారేదాకా అక్కడే ఉన్నాడు. ఇక్కడ మద్రాసు రెడ్‌హిల్స్‌లో నాకూ నిద్ర పట్టలేదు.

హెడ్‌లైటు పోతే మన డ్రైవరుకి ఆ క్షణమే తెలుస్తుంది. బండి ఆపేస్తాడు. వెనక లైటు పోతే తెలిసేది వెనకొచ్చేవాడికి, అదీ బాగా దగ్గరికొచ్చాక. ఎనభై స్పీడులో వస్తున్న కారు సెకనుకి ఇరవై రెండు మీటర్లు దూసుకొస్తుంది. డిమ్ లైట్లో మన బాడీ వెనక పలకలు వాడి కంటికి ఆనేసరికి వాడికి మిగిలేది రెండు మూడు సెకన్లు. ఆ కారులో ఎవరున్నారో మనకి తెలియదు. మన బండిలో ఒక వైరు ఎక్కడో తెగినందుకు వాళ్ళ ఇంట్లో ఏమవుతుందో ఆలోచిస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మాది నాయుడుపేట. నాన్న మద్రాసు వచ్చి ఒక్క లారీతో మొదలుపెట్టాడు, ఇప్పుడు మూడున్నాయి. ఈ గొడవంతా 2004 మోడల్ పది టైర్ల బండి గురించి. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే జరిగిన దాంట్లో కంపెనీ తప్పేమీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ బండి మీద చెయ్యేసిన అందరి తప్పూ ఉంది, మాతో సహా.

మర్నాడు బండి తిరిగొచ్చాక మేస్త్రీ చూశాడు. ఛాసిస్ పక్కన వెళ్ళే వైర్ల కట్ట మధ్యలో ఒకచోట టేపు విప్పితే పచ్చగా బూజు పట్టినట్టు ఉంది. దాన్ని కోసేసి, ముందునుంచి వెనక్కి ఒక కొత్త వైరు లాగి లైట్లు వెలిగించాడు. గంటలో పని అయిపోయింది. నేను సంతోషించాను కూడా. మూడు వారాల తర్వాత అదే బండికి కుడి ఇండికేటరు వేస్తే బ్రేక్ లైటు మెరవడం మొదలైంది.

అది ఎందుకలా అవుతుందో చాలామంది ఓనర్లకి తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. లారీలో ప్రతి లైటుకీ కరెంటు ఒక వైరులో వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం అన్నిటికీ కలిపి ఛాసిస్సే దారి. దాన్నే ఎర్త్ అంటాం. వెనక లైట్ల బోల్టు దగ్గర తుప్పు పట్టి ఆ ఎర్త్ సరిగ్గా అందకపోతే, కరెంటు ఊరికే ఉండదు, పక్క బల్బు గుండా ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇండికేటరు వేస్తే బ్రేక్ లైటు మెరిసేది అందుకే. మనం వైరు మార్చి బాగైందనుకుంటాం. జబ్బు బోల్టు కింద ఉంటుంది.

అసలు వాన నీళ్ళ కథ అంతకు ముందే మొదలైంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేముందు రెండు రోజులు మద్రాసుని ముంచేసింది. మణలి యార్డులో మా బండి ఇరుసుల ఎత్తు నీళ్ళలో రెండు రోజులు నిలబడింది. నీళ్ళు తీశాక ఇంజనాయిలు, గేర్‌బాక్స్ ఆయిలు, హబ్ గ్రీజు అన్నీ మార్పించాం. వైరింగ్ మాట ఎవరం ఎత్తలేదు. సెల్ఫ్ కొడితే స్టార్టయింది, లైట్లు వెలిగాయి. అంతే, బాగుందనుకున్నాం.

వైరు లోపలికి వెళ్ళిన నీరు ఏం చేస్తుందో నేను తర్వాత కళ్ళారా చూశాను. పైన తొడుగు నిగనిగలాడుతూ ఉంది, ఒక్క పగులు లేదు. కొసన లగ్గు (వైరు చివర నొక్కే లోహపు ముక్క) దగ్గర కోశాను. రాగి నల్లగా ఉంది. ఇంకో బెత్తెడు లోపలికి కోశాను. అక్కడా నలుపే. మూర దూరం వెళ్ళాక గానీ ఎర్రటి రాగి కనిపించలేదు. దీపం వత్తి నూనెను పీల్చినట్టు సన్నటి పోగుల మధ్య నుంచి నీరు లోపలికి పాకుతుంది. నల్లబడిన పోగుల్ని వేళ్ళతో నలిపితే పొడి రాలుతుంది. అలాంటి వైరుకి కొత్త లగ్గు కొట్టినా, కొత్త ముక్క అతికినా ప్రయోజనం ఉండదు.

ఇదంతా తెలియకముందే, సెప్టెంబరులో, నేను రెండో తప్పు చేశాను. మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డు, మనం జీపీ రోడ్డు అంటాం, బండి సామాన్లకి పేరున్న వీధి. అక్కడొక షాపుకి వెళ్ళి వైరింగ్ సెట్టు కావాలన్నాను. కౌంటరులో ఉన్నాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏ మోడల్?" మోడల్ చెప్పాను. పై అరలోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కట్టొకటి దించి ఇచ్చాడు. ధర చౌకగా ఉంది. రంగులు తళతళలాడుతున్నాయి. క్యాబిన్ వైరింగ్, ఛాసిస్ వైరింగ్, లైట్ వైరింగ్ అన్నీ కలిపి ఒకే సెట్టు. రెండు రోజుల్లో మేస్త్రీ దాన్ని బండిలో వేసేశాడు. పొట్టయిన చోట ముక్కలు అతికాడు, మిగిలిన చోట చుట్టచుట్టి కట్టాడు.

నాలుగు నెలలు నడిచింది. 2025 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు, గుమ్మిడిపూండి దగ్గర డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. మామ బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, టూల్‌బాక్సులోంచి స్పానరు తీసుకుని బ్యాటరీ టెర్మినల్ ఊడదీశాడు. బ్యాటరీకి మెయిన్ స్విచ్ లేదు మరి. ఆయన చూపుడు వేలు, బొటనవేలు కాలాయి. "టెర్మినల్ బిగువుగా ఉండి, స్పానరు జారిపోతా ఉంటే దేవుడా అనుకున్నా అబ్బయ్యా" అన్నాడు. ఆ వేళ్ళకి కట్టిన గుడ్డ చూశాక, ఇక మోడల్ పేరు చెప్పి వైరింగ్ కొననని నాకు నేనే మాటిచ్చుకున్నాను.

ఎందుకంటే ఇరవై ఏళ్ళ లారీ ఆ మోడల్ లారీ కాదు. 2004లో మా బండి షోరూము నుంచి ఛాసిస్సు, ముందు కౌలు (డ్యాష్‌బోర్డు ఉండే ముందు భాగం), స్టీరింగు, ఒక సీటుతో వచ్చింది. క్యాబిన్, బాడీ విజయవాడ ఆటోనగర్‌లో కట్టించాం. కంపెనీ ఇచ్చిన వైరింగు కౌలు దాకా, ఛాసిస్ చివరిదాకా. క్యాబిన్ పైలైట్లు, సైడ్ లైట్లు, లోపలి లైటు, వెనక బాడీకి జరిపిన టెయిల్ లైట్లు, ఇవన్నీ బాడీ కట్టినవాళ్ళు వాళ్ళకి తోచిన దారిలో లాగిన వైర్లు. ఆ తర్వాత డైనమో మారింది, ఫ్యూజ్ బాక్సు మారింది, రెండు ఫాగ్ లైట్లు వచ్చాయి, ఫ్యాను వచ్చింది, పాటల సెట్టు వచ్చింది, ట్రాకింగ్ డబ్బా వచ్చింది. అదే మోడల్, అదే నెలలో వచ్చిన రెండు లారీల్ని పక్కపక్కన పెట్టండి, లోపల వైర్లు అన్నదమ్ముల్లా కూడా ఉండవు. అలాంటప్పుడు మోడల్ పేరుతో అరలోంచి దించిన సెట్టు ఎవరి బండికి సరిపోతుంది? ఏ బండికీ సరిపోదు. సరిపోని చోటల్లా మేస్త్రీ అతుకులేస్తాడు. మనం అతుకులు వదిలించుకోవాలని సెట్టు కొని, మొదటి రోజే కొత్త అతుకులతో బండి బయటికి తీస్తాం.

నేను చెప్పేది ఇదీ. కొనాల్సింది మోడల్‌కి కాదు, ఇప్పుడు మన యార్డులో నిలబడున్న ఆ ఒక్క బండికి. దానికి ముందు పాత వైరింగుని కోయకుండా మొత్తంగా బయటికి తీసి, నేలమీద పరిచి చూడాలి.

అదృష్టం కొద్దీ మా పాత వైరింగ్ షెడ్డులో గోనెసంచిలో ఉంది. పాత సామాన్లవాడు రాగి ధర ఇస్తానన్నా మామ ఇవ్వనివ్వలేదు. ఒక ఆదివారం యార్డులో పట్ట పరిచి, దాని మీద ఛాసిస్ ఎలా ఉంటుందో అలాగే దాన్ని పరిచాం. ముందు రెండు హెడ్‌లైట్లు, ఇక్కడ ఫ్యూజ్ బాక్సు, ఇక్కడ డైనమోకి కొమ్మ, ఇక్కడ ఎయిర్ ట్యాంకు దగ్గర బ్రేక్ స్విచ్, చివర టెయిల్. ప్రతి కొసకీ తెల్ల ప్లాస్టరు అంటించి పేరు రాశాం. అతుకులు లెక్కపెట్టాం. ముప్పై ఒకటి. ఎక్కడికీ వెళ్ళని వైర్లు నాలుగు. ఎప్పుడో ఎవరో వేసి, ఎవరో కోసి, కొసలు టేపు చుట్టి వదిలేసినవి. రెండు చోట్ల ఎలుకలు కొరికాయి. బ్యాటరీ పెట్టె పక్కన మూర పొడవున తొడుగు యాసిడ్‌కి ఉడికి గట్టిపడింది, వంచితే అప్పడంలా విరిగింది.

తర్వాత పొగ వచ్చిన రెడీమేడ్ సెట్టునీ విప్పి పక్కన పరిచాం. ఛాసిస్ కట్టలు రెండూ వేరు చేసి, వీధి చివర కిరాణా కొట్టుకి తీసుకెళ్ళి కాటా మీద పెట్టాను. పాతది మూడు కిలోల ఆరువందల గ్రాములు. కొత్తది కిలో తొమ్మిదివందలు. పొడవు దాదాపు ఒకటే. ఒక స్క్వేర్ ఎంఎం మందం రాగి వైరు మీటరుకి దాదాపు తొమ్మిది గ్రాముల రాగి ఉంటుంది, అల్యూమినియం అయితే మూడు గ్రాములైనా ఉండదు. కాటా అబద్ధం చెప్పదు. బ్లేడుతో ఒక పోగు గీకితే ఎర్రటి పూత కింద తెల్లగా మెరిసింది. రాగి పూత పూసిన అల్యూమినియం.

దీనితో నష్టం ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే "వెలుగుతోంది కదా" అనే మాట నేను వందసార్లు విన్నాను. మన లారీల్లో రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు వరసలో ఉంటాయి, మొత్తం ఇరవై నాలుగు. వెనక వరసలో ఒకే వైరు మీదున్న లైట్లన్నీ కలిపి అరవై వాట్లు అనుకుంటే రెండున్నర ఆంపియర్లు. క్యాబిన్ నుంచి చివరికి వైరు పన్నెండు మీటర్లు. ఒక స్క్వేర్ ఎంఎం అసలు రాగి అయితే ఆ దారిలో పోయేది అర వోల్టు. అదే మందం సగానికి తగ్గి, పైగా పూత అల్యూమినియం అయితే 1.6 వోల్టులకి పైగా పోతుంది. దానికి ఫ్యూజు, స్విచ్, కప్లర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు), ఎర్త్ తోడు. ఫిలమెంటు బల్బుకి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు పది శాతం కాదు, దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. బల్బు వెలుగుతూనే ఉంటుంది. కానీ వానలో వెనకున్నవాడికి కనపడదు. అల్యూమినియం పోగు ఛాసిస్ అదురుకి త్వరగా తెగుతుంది కూడా, లగ్గు నొక్కిన చోట వదులవుతుంది, వేడెక్కుతుంది.

మీటరు పెట్టేవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. బల్బు తీసేసి హోల్డరులో మీటరు పెడతారు, ఇరవై నాలుగు చూపిస్తే వైరు బాగుందంటారు. ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు ఇరవై నాలుగు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు లాగదు. బల్బు పెట్టి, అన్ని లైట్లూ వేసి, బ్రేకు తొక్కించి, అప్పుడు చూడాలి. రెడీమేడ్ సెట్టు విప్పక ముందే, డ్యాష్ కింద కాలిన వైరొక్కటి పక్కకి తీసి, నేను అలా చూశాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 27.4, వెనక బ్రేక్ లైటు హోల్డరులో 22.9. నాలుగున్నర వోల్టులు దారిలో పోయాయి, అందులో దాదాపు రెండు ఒక్క ఎర్త్ దగ్గరే.

ఇక పొగ ఎందుకొచ్చింది? డ్యాష్ కింద రేకు రంధ్రంలోంచి కట్ట వెళ్ళేచోట రబ్బరు బుష్ లేదు. రేకు అంచుకి రాసుకుని తొడుగు తెగింది, వైరు ఛాసిస్‌కి తగిలింది. అక్కడ ఫ్యూజు పోవాలి. పోలేదు. ఎందుకంటే ఎరుపు రంగు పది ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట ఆకుపచ్చ ముప్పై ఉంది. ఎవరో, బహుశా దారిలో ఏదో మెకానిక్, పది మాటిమాటికీ పోతోందని ముప్పై పెట్టాడు. సన్నటి వైరు ముప్పై ఆంపియర్లు తట్టుకోలేక హీటరు కాయిల్ అయిపోయింది. ఫ్యూజు ఉన్నది బల్బుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. కాబట్టి ఫ్యూజుని ఎంచుకోవాల్సింది వైరు మందం చూసి. పాత పింగాణీ ఫ్యూజుల మీద రాగి పోగు చుట్టే అలవాటు ఇంకా చాలా యార్డుల్లో ఉంది. దయచేసి మానండి. లారీలో నిద్రపోయేది మనం కాదు, డ్రైవరు.

ఈ పాఠాలన్నీ నేర్చుకునే సరికి ఫిబ్రవరి వచ్చింది. అప్పుడు అంబత్తూరు వెళ్ళాం.

మద్రాసులో ఉండి చెత్త వైరింగ్ కొనడం ఎంత అన్యాయమో అక్కడికెళ్ళాక తెలిసింది. 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టి 1955లో అశోక్ లేలాండ్ అయిన కంపెనీ ఎన్నూరులో ఉంది. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు చేసే లూకాస్ టీవీఎస్ పాడిలో ఉంది. 1964లో మొదలైన అంబత్తూరు ఎస్టేటు చుట్టూ బండి సామాన్ల పనితో పెరిగిన చిన్న చిన్న షెడ్లు ఎన్నో. అలాంటి ఒక షెడ్డులో వైరింగ్ కట్టిస్తారని మేస్త్రీకి తెలుసు. నడిపేది తమిళాయన, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఆయన మోడల్ అడగలేదు. "పాతది తెచ్చారా?" అన్నాడు. గోనెసంచి చూపించాను. ఆయన ముఖంలో వచ్చిన సంతోషం నాకింకా గుర్తుంది.

గోడ పొడవునా ప్లైవుడ్ బోర్డు. మా పాత వైరింగుని దాని మీద పరిచి, కొమ్మ విడిపోయే ప్రతి చోటా మేకు కొట్టారు. మేకుల మధ్య పెన్సిలుతో గీతలు, గీతల మీద పొడవులు. ఆ మేకుల వెంట ఒక్కో వైరూ లాగుతూ, చివరికి ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి టేపు చుట్టారు. ఒకావిడ ప్రతి కొమ్మ దగ్గరా టేపుని శిలువలాగా దాటించి బిగిస్తోంది. ఎందుకమ్మా అంటే, కొమ్మని ఎవరైనా లాగినా మొదలు చిరగకుండా అని చూపించింది. ఆ ఒక్క చుట్టు రెడీమేడ్ సెట్టులో ఎక్కడా లేదు.

వైరు మేమే ఎంచుకున్నాం. వెనక లైట్లకి ఒకటి, బ్రేకుకి ఒకటిన్నర, హెడ్‌లైట్లకి రెండున్నర స్క్వేర్ ఎంఎం. వెనక నుంచి ముందుకి ఎర్త్ కోసం విడిగా ఒక రెండున్నర వైరు లాగించాను, ఇక తుప్పు పట్టే బోల్టు మీద ఆధారపడక్కర్లేదు. ఈ ఒక్క వైరు ఏ రెడీమేడ్ సెట్టులోనూ నాకు కనపడలేదు, నా లెక్కలో మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైంది ఇదే. పోగులు లెక్కపెట్టి చూశాను. ఒకటిన్నర అంటే పావు మిల్లీమీటరు పోగులు ముప్పై ఉండాలి. ముప్పై ఉన్నాయి. పాత పద్ధతిలో పద్నాలుగు పోగుల వైరు అనేది కూడా ఇలాంటి లెక్కే, 0.30 మిల్లీమీటర్ల పోగులు పద్నాలుగు కలిస్తే ఒక స్క్వేర్ ఎంఎం. లగ్గుల మీద అయస్కాంతం పెట్టాను. పట్టుకుంటే లోపల ఇనుము, వానకి తుప్పే. పట్టుకోకపోతే ఇత్తడి. ఇంజను పక్కన వెళ్ళే కట్టకి మామూలు తొడుగు కాకుండా నూట అయిదు డిగ్రీల వేడి తట్టుకునేది వేయించాను.

ఈ విషయంలో ఒక వాదన కూడా జరిగింది. మా మేస్త్రీ సోల్డరింగ్ చేయాలన్నాడు, షెడ్డాయన వద్దు, నొక్కిన లగ్గులే అన్నాడు. నేను షెడ్డాయన వైపే. సోల్డరు పోగుల మధ్యకి పాకి గట్టిపడుతుంది, ఆ గట్టి ముక్క ముగిసే చోట అదురుకి వైరు విరుగుతుంది. గోడకి కదలకుండా ఉండే మీటరు బోర్డులో సోల్డరు బాగుంటుంది, లారీ ఛాసిస్ మీద కాదు.

పన్నెండు వోల్టుల సంగతి విడిగా చెప్పాలి. పాటల సెట్టుకి, ఫోన్ ఛార్జరుకి పన్నెండు కావాలని రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి వైరు లాగేస్తారు. మా బండిలోనూ అలాగే ఉంది. ఆ ఒక్క బ్యాటరీ రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది, రెండోది ఎక్కువ ఛార్జింగుకి ఉడుకుతుంది. జంటగా కొన్న బ్యాటరీల్లో ఒకటి ఏడాదిలో పోయి రెండోది బాగుంటే, తప్పు బ్యాటరీ కంపెనీది అనుకునే ముందు ఈ వైరు కోసం వెతకండి. ఇరవై నాలుగుని పన్నెండు చేసే కన్వర్టరు పెట్టించుకుంటే సరిపోతుంది. మాకు కొత్త సెట్టులో దానికొక కొమ్మ వేయించాం.

తోటి ఓనర్లు మూడు మాటలన్నారు. కంపెనీదే కొనొచ్చు కదా అన్నది మొదటిది. దొరికితే, బండి కంపెనీ నుంచి బయటికొచ్చినప్పటిలాగే ఉంటే, తప్పకుండా కొనాలి. కంప్యూటరు డీజిల్‌ని నడిపే కామన్ రైల్ ఇంజన్లున్న కొత్త బండ్లకైతే నా వాదన పనిచేయదు. అక్కడ ఇంజను వైరింగులో సెన్సార్ల సంకేతాలు వెళ్తాయి, మెలితిప్పిన జంట వైర్ల మీద కంప్యూటర్లు మాట్లాడుకుంటాయి. ఛాసిస్ నంబరు చెప్పి, పార్ట్ నంబరు చూసి, కంపెనీ వైరింగే వేయాలి, షెడ్డులో కట్టించకూడదు. మా బండి డీజిల్ పంపు మెకానికల్, ఒకసారి స్టార్టయితే ఇంజనుకి కరెంటుతో పని లేదు. అందుకే ఈ దారి మాకు కుదిరింది.

రెండో మాట పుదుపేట, పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే చోటు. తుక్కు చేసిన అదే మోడల్ బండి నుంచి అసలు కంపెనీ వైరింగ్ దొరుకుతుంది, చౌక, అసలు రాగి. అసలు రాగే, నిజం. కానీ ఇంకో బండి ఇరవై ఏళ్ళ ఎండా వానా మనం డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం. తొడుగు వంచి చూస్తే తెలుస్తుంది. నేను పుదుపేట నుంచి పాత కప్లర్ల కవర్లు, ఫ్యూజ్ బాక్సు మూత మాత్రం తెచ్చుకున్నాను, అవి కొత్తవి దొరకలేదు.

మూడోది ఎల్ఈడీ లైట్లు. కరెంటు తక్కువ లాగుతాయి కాబట్టి సన్న వైరైనా చాలంటారు. అందులో నిజం ఉంది. కానీ ఎల్ఈడీ చాలావరకు తక్కువ వోల్టేజిలోనూ పూర్తిగా వెలుగుతుంది, కాబట్టి కుళ్ళుతున్న అతుకుని చివరిరోజు దాకా దాచిపెడుతుంది. తర్వాత ఒక్కసారిగా ఆరిపోతుంది. వైరింగ్ బాగు చేసుకున్నాక ఎల్ఈడీ వేసుకోవడం మంచిదే. వైరింగ్‌కి బదులుగా వేసుకోవడం తప్పు. ఇండికేటర్లని మెరిపించే పాత ఫ్లాషరుతో ఎల్ఈడీవి సరిగా మెరవవు, అదీ మార్చాలి.

ఖర్చు గురించి. షెడ్డులో కట్టించింది రెడీమేడ్ సెట్టుకి మూడింతలయింది, బిగింపు కూలితో కలిపి. అయినా ఒక కొత్త టైరు ధరలో సగం దాటలేదు. "ఎనిమిదేళ్ళు దాటిన బండి, ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) పెట్టాలి, ఇంకో రెండేళ్ళలో అమ్మేస్తావు, దానికింత ఎందుకు" అని ఒకాయన అడిగాడు. ఎఫ్‌సీ రోజు పగలు, యార్డులో నిలబెట్టి లైట్లు వెలిగితే ముద్ర పడుతుంది. తడ దగ్గర రాత్రి పదకొండున్నరకి, వానలో, గుంటలో చక్రం పడి లేచిన తర్వాత వెలగడం వేరే సంగతి. అమ్మేశాక కూడా ఆ బండి అదే రోడ్డు మీద తిరుగుతుంది, దాని వెనక మనవాళ్ళే ఎవరో వెళ్తారు.

బిగింపు రోజు నేను దగ్గరుండి చేయించాను. రేకు రంధ్రం ఉన్న ప్రతి చోటా రబ్బరు బుష్. ఎగ్జాస్ట్‌కి జానెడు దూరం. ముడతల పైపు తొడిగిన చోట కింది వైపు చీలిక ఉండేలా తిప్పి పెట్టాం, నీరు నిలవకుండా. వెనక ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించాక గ్రీజు పూశాం. బ్యాటరీ పెట్టె పక్కన చేతికందేచోట మెయిన్ స్విచ్. అది మామ అడిగింది, మొదట బిగించింది కూడా అదే.

సాయంత్రం అన్ని లైట్లూ వేసి, మామ బ్రేకు తొక్కి పట్టుకుంటే, నేను వెనక హోల్డరులో మీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 27.4. వెనక 26.5.

బోర్డు మీద గీసిన బొమ్మని షెడ్డాయన కాగితం మీద దింపి ఇచ్చాడు. ఏ రంగు వైరు ఎక్కడికి, ఏ ఫ్యూజు ఎంత, అంతా తెలుగులో రాసి, ప్లాస్టిక్ కాగితం వేయించి ఫ్యూజ్ బాక్సు మూత లోపల అంటించాను. మామ దాన్ని కాసేపు చూసి, "అబ్బయ్యా, నాగపూరు పక్కన ఆగిపోతే ఈ తెలుగు ఎవురు చదవతారు? హిందీలో గూడా రాయించు. తమిళంలో గూడా" అన్నాడు. హిందీది పక్క యార్డు మేనేజరు రాసిచ్చాడు. తమిళంది అంబత్తూరులో టేపు చుట్టిన ఆవిడ రాసింది. మూడు కాగితాలూ ఇప్పుడు ఆ మూత లోపల ఉన్నాయి. ఈ వారం రెండో బండి వైరింగ్ విప్పి పట్ట మీద పరుస్తున్నాం, అక్టోబరు వానలు మొదలయ్యేలోపు అయిపోవాలి.